పని చేసినవాడికే మాట

పది రోజులనుంచి నాకు మాట్లాడే హక్కు లేదు. ఇంట్లో సంగతి కాదు లెండి. అక్కడ ఆ హక్కు పోయి ముప్ఫయి నాలుగేళ్లయింది, అలవాటు పడిపోయాను. నేను చెప్పేది మా కాలనీ గ్రంథాలయం సంగతి. అక్కడ పని చేసేవాళ్లంతా కలిసి మాట్లాడుకునే వాట్సాప్ గ్రూపు వొకటి వుంది. అందులో నన్ను చేర్చలేదు. మా ఆవిడ వుంది, సెక్రటరీగారున్నారు, ఇంటర్మీడియేటు చదివే వొక కుర్రాడున్నాడు, నేను లేను. ఇంతకూ పని చేసినవాళ్లే మాట్లాడాలనే నిబంధన పెట్టిన మహానుభావుడెవరయ్యా అంటే, నేనే. అంచేత ఎవరిమీదా కోప్పడ్డానికి కూడా వీల్లేకుండా పోయింది.

సంగతి మొదటినుంచి చెబుతాను. మా గ్రంథాలయం పెద్దదేమీ కాదు. ఇరవయ్యేళ్ల కిందట వొకరింటి వరండాలో రెండు బీరువాలతో మొదలయింది. ఇప్పుడు సొంతంగా రెండు గదులు, రేకుల వరండా, నాలుగువేల పైచిలుకు పుస్తకాలు వున్నాయి. రోజూ సాయంత్రం అయిదింటికి తలుపు తీస్తారు, ఎనిమిదింటికి వేస్తారు. జీతం పుచ్చుకునే మనిషి లేడు. తాళం తియ్యడం, వూడవడం, రిజిస్టరు రాయడం, చిరిగినవాటికి జిగురు పెట్టడం, అట్టలు వెయ్యడం, అన్నీ సభ్యులే.

వరండాలో వొక పొడుగు బెంచీ వుండేది, ఇప్పటికీ వుంది. కబుర్లన్నీ దానిమీదే. ఏ పుస్తకం బాగుంది, ఏది కొనాలి, ఎవరు తీసుకెళ్లి తిరిగి తేలేదు, పంపునీళ్లు ఎందుకు రావటం లేదు, ఇవన్నీ అక్కడే తేలేవి. దానిమీద ఎనిమిది మంది పడతారు. సన్నవాళ్లయితే తొమ్మిది మంది. ఎవరు మాట్లాడాలి, ఎవరు కూడదు అన్న ప్రశ్న ఎప్పుడూ రాలేదు. చెప్పులేసుకుని వీధి దాటి రావాలి గదా! అక్కడిదాకా వచ్చినవాడు, వచ్చినందుకు చీపురో జిగురుగిన్నెనో ఎలాగూ పట్టుకునేవాడు. ఎవరైనా మరీ సోది పెడితే పక్కవాడు లేచి లోపలికి పోయేవాడు. సోదికీ వొక హద్దుండేది.

2020లో లాక్‌డౌను వచ్చింది. తలుపులు మూసేశాం. అప్పుడు మా కాలనీ పిల్ల వొకతె, ఇంజనీరింగు చదువుతూండేది, ఈ గ్రూపు పెట్టింది. అప్పట్లో అది ఎంత పనికొచ్చిందో చెప్పలేను. ఎవరింట్లో మందులయిపోయినాయి, ఎవరికి ఆక్సిజన్ కావాలి, ఏ వీధికి కూరగాయల బండి వచ్చింది, అన్నీ అందులోనే. పుస్తకాలు సంచీలో పెట్టి గుమ్మాలకి తగిలించి వచ్చేవాళ్లం. మనిషి మొహం చూడని ఆ రోజుల్లో పొద్దున్నే ఆ గ్రూపులో వొక నమస్కారం కనబడితే, ఫరవాలేదు, ఫలానావారు బతికే వున్నారు అనుకునేవాళ్లం. ఆ నమస్కారాల్ని తరువాత నేను ఎంత తిట్టుకున్నానో గుర్తొస్తే ఇప్పుడు కొంచెం సిగ్గుగా వుంటుంది.

ఆ తరువాత తలుపులు తెరిచేం. గ్రూపు మాత్రం పోలేదు, పెరిగింది. మొదట్లో వొక గ్రూపులో 256 మందికి మించి పట్టేవాళ్లు కారు. 2022లో ఆ కంపెనీవారు దాన్ని ముందు 512 చేసి, ఆ యేడాదే మళ్లీ 1024 చేసేరు. మా బెంచీకి అలాంటి గతి పడితే ఏమయ్యేదో వూహించుకోండి. కాలనీ వాళ్లు, కాలనీ వదిలిపోయినవాళ్లు, వాళ్ల వియ్యంకులు, స్థలాలమ్మేవాళ్లు, అందరూ వచ్చి చేరేరు. పొద్దున్న లేచేసరికి పువ్వులు, సూర్యోదయాలు, దేవుళ్లు. పదింటికి చక్కెరవ్యాధికి కాకరగింజల వైద్యం. మధ్యాహ్నం రాజకీయం. సాయంత్రం తూర్పుముఖం ప్లాటు అమ్మకం. రాత్రి మళ్లీ పువ్వులు.

మా గ్రంథాలయానికి వెన్నెముకలాంటి మనిషి వొకాయన వున్నారు. సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు. పుస్తకాలన్నిటికీ పట్టిక రాస్తున్నది ఆయనే. కిందటి ఏప్రిల్‌లో ఆయన గ్రూపులో వొక ప్రశ్న వేసేరు. నాలుగు సంపుటాల పుస్తకంలో మూడోది కనబడటం లేదు, ఎవరి దగ్గరైనా వుందా అని. అదేమీ చిన్న సంగతి కాదు, ఆ సంపుటం ఇప్పుడు అచ్చులో లేదు. జవాబు రాలేదు. ఆయన ప్రశ్నమీద సాయంత్రానికి అరవై మూడు సందేశాలు వచ్చి పడ్డాయి. అందులో ముప్ఫయి ఎవరిదో మనవడి పుట్టినరోజు శుభాకాంక్షలు. మర్నాడు మళ్లీ అడిగేరు. మళ్లీ అంతే. మూడోనాడు పొద్దున్న "ఫలానావారు గ్రూపునుంచి వెళ్లిపోయారు" అని వొక చిన్న వాక్యం కనబడింది. దానికింద ఎవరో చేతులు జోడించి "శుభోదయం" అన్నారు. ఆ సంపుటం మా మేడమీద పోర్షనువారి అటకమీదే వుందని తరువాత తెలిసింది. వాళ్లు గ్రూపులో వున్నారు గాని, మోత భరించలేక మూసి పెట్టుకున్నారట.

మాస్టారు గ్రంథాలయానికి రావడం కూడా మానేసేరు. నాకు వొళ్లు మండింది. కమిటీ సమావేశం పెట్టించేను. నేను అధ్యక్షుణ్ణి, అంచేత పెట్టించగలను.

ఆ సమావేశంలో నేను చేసిన ఉపన్యాసం బాగానే వుందన్నారు. పని చేసేవాళ్లు పదిహేను ఇరవై మంది, మాట్లాడేవాళ్లు రెండువందల మంది, మాటల కింద పని చచ్చిపోతోంది, అంచేత గడిచిన మూడు నెలల్లో గ్రంథాలయానికి ఏదో వొక పని చేసినవాళ్లే గ్రూపులో మాట్లాడాలి, మిగతావాళ్లు చదువుకోవచ్చును, ఇదీ తీర్మానం. సెక్రటరీగారు వెంటనే బలపరిచేరు. ఆయనకి రంగనాథన్‌గారంటే భక్తి. మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడిగా చేసిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు చెప్పేరు గదా, అందులో నాలుగోది పాఠకుడి కాలం వృథా చెయ్యకూడదన్నది. "ఆ మాట చాలదా?" అన్నారు సెక్రటరీగారు.

మా వీధిలో సహకారశాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయిన ఆయన వున్నారు. ఆయన లేచి, ఇది కొత్త సంగతేమీ కాదు, 2011లో రాజ్యాంగానికి తొంభై ఏడో సవరణ చేసినప్పుడే ఈ వూహ వచ్చిందన్నారు. సహకార సంఘంలో సభ్యుడన్నవాడు ఇన్ని సమావేశాలకైనా రావాలి, సంఘం సేవల్ని ఇంతయినా వాడుకోవాలి అని రాష్ట్రాలు చట్టం చెయ్యవచ్చునని అందులో వుందిట. పేరుకి సభ్యులై కూర్చుని ఎన్నికలనాడు మాత్రమే వచ్చేవాళ్లతో సంఘాలు చెడిపోతున్నాయి గనుక. అయితే ఆ సవరణకి సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదని, రాష్ట్రాల సంఘాలకి అది చెల్లదని 2021లో సుప్రీంకోర్టు కొట్టేసిందని కూడా ఆయనే చెప్పేరు. ఆ రెండో ముక్క ఎవరికీ ఎక్కలేదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి నాకూ ఎక్కలేదు. సేవలు "వాడుకోవాలి" అన్నారు, "చెయ్యాలి" అనలేదు. వాడుకోవడం కూడా సభ్యత్వమే అని ఆ చట్టం రాసినవాళ్లకి తట్టింది, నాకు తట్టలేదు.

తీర్మానం నెగ్గింది. మే నెలనుంచి అమలు.

అమలులో వొక చిక్కు వచ్చింది. వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే రాసేటట్టు బిగించే మీట 2018నుంచీ వుంది. అంచేత పని చేసిన పదిహేడు మందిని అడ్మిన్లుగా చెయ్యాల్సి వచ్చింది. అడ్మినంటే మాట్లాడేవాడే కాదు, ఇంకొకణ్ణి గ్రూపునుంచి గెంటేసే అధికారం వున్నవాడు కూడా. వారం తిరక్కుండానే, కారు నిలిపే చోటు తగాదాలో వొకాయన తన తోడల్లుణ్ణి గెంటేసేడు. తోడల్లుడికి బావమరిదయినవాడూ అడ్మినే. అతను ఈయన్ని గెంటేసేడు. ఇద్దర్నీ మళ్లీ చేర్చడానికి సెక్రటరీగారికి రెండు కాఫీలు, వొక రాయబారం ఖర్చయినాయి. గ్రూపు మొదలుపెట్టిన మనిషిని మాత్రం ఎవరూ తియ్యలేరుట. ఆ పిల్ల పెళ్లి చేసుకుని బెంగుళూరు వెళ్లిపోయింది. అక్కణ్ణించి మా తగాదాలన్నీ చదువుకుంటూ వుంటుంది కాబోలు.

అయితే వొకటి వొప్పుకోవాలి. నిబంధన పని చేసింది. పువ్వులు పోయాయి, ప్లాట్లు పోయాయి. మాస్టారు తిరిగి వచ్చేరు. రెండు నెలల్లో నాలుగువందల పుస్తకాలకి పట్టిక రాసేరు. మూడో సంపుటం అటకమీంచి దిగింది. ఇన్నాళ్లూ ఇది ఎందుకు చెయ్యలేకపోయామా అనుకున్నాను.

మా ఆవిడ మాత్రం మొదటిరోజునుంచీ పెదవి విరుస్తూనే వుంది. "వంట చేసినవాళ్లే విస్తరి ముందు మాట్లాడాలంటే, ఈ ఇంట్లో మీరు ఇన్నేళ్లూ వుప్పు తక్కువైందని అన్న మాటలన్నీ చెల్లవుగా?" అంది. అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో చెప్పమంది. కాఫీ చల్లారిపోతోందన్నాను.

ఇప్పుడు మామ్మగారి సంగతి చెప్పాలి. అసలు సంగతి అదే.

మూడో వీధిలో వుంటారావిడ. డెబ్భై ఎనిమిదేళ్లు. వొక కంటికి శుక్లం తీసేరు, రెండోదానికి తియ్యాలి. బెంచీ దాకా నడిచి రావడం నెలకి రెండుసార్లకన్నా ఆవిడ వల్ల కాదు. పనమ్మాయి చేత పుస్తకాలు తెప్పించుకుంటారు. గ్రూపులో రాయడం చేతకాదు గనుక ఫోనుకి చెప్పి రాయించేవారు. ఆ ఫోను ఆవిడ గోదావరి యాసని తన యిష్టమొచ్చినట్టు రాసేది. వారానికొకసారి వొక ప్రశ్న మాత్రం తప్పదు. ఫలానా నవల రెండోభాగం వచ్చిందా? పెద్దక్షరాల భారతం కొంటారా? నిరుడు కాబోలు, "కింది అర పుస్తకంలో వెండిపురుగు పాకింది, మందు చల్లుతున్నారా లేదా?" అని అడిగితే మేం చూసి, ఆ అర మొత్తం దులిపి ఎండలో పెట్టేం. ఆవిడ చేసే పని ఏమైనా వుందా అంటే, రిజిస్టరు ప్రకారం ఏమీ లేదు. పుస్తకాలు తీసుకుంటారు, తిరిగి పంపుతారు, అడుగుతారు. తీర్మానం రోజున ఆవిడ పేరు చదివి, "పని: లేదు" అని రాసింది నా చెయ్యే.

నిజానికి ఆవిడ పని వుంది. కాకపోతే మూడు నెలలనాటిది కాదు, ఇరవయ్యేళ్లనాటిది. మా గ్రంథాలయం పెట్టిన కొత్తలో ఆవిడ ముప్ఫయి వొక్క సంపుటాలు ఇచ్చేరు. అవి కొన్న పుస్తకాలు కావు. వారపత్రికల్లో వచ్చిన ధారావాహికల్ని వారం వారం పేజీలు జాగ్రత్తగా వూడదీసి, దాచి, కథ పూర్తయ్యాక దారంతో కుట్టించి అట్ట వేయించినవి. మీలో చాలామంది ఇళ్లల్లో అమ్మమ్మలు ఈ పని చేసే వుంటారు. ఆ నవలల్లో కొన్ని తరువాత పుస్తకాలుగా వచ్చాయి, కొన్ని ఎప్పుడూ రాలేదు. వచ్చినవాటిల్లోనూ ఆ బొమ్మలు లేవు. ఆవిడ అత్తగారు చదవకముందే పేజీలు చింపుతోందని తిట్టేవారట. వారం ఆలస్యంగా వచ్చిన సంచిక కోసం పోస్టుమాన్‌తో దెబ్బలాడేవారట. ఇవన్నీ ఆవిడ బెంచీమీద కూర్చుని చెబుతూంటే విన్నవే.

జూలైలో వానలు పట్టేయి. వెనక గదిలో బీరువా వెనక గోడ చెమ్మగిల్లింది. మాకు తెలియదు. ఆ గది దీపం పోయి నెలయింది. బీరువాని కదిపి చూసినవాళ్లెవరూ లేరు. మామ్మగారికి తెలిసింది. ఎలాగంటారా? ఆవిడ ఆ బీరువాలోంచి తెప్పించుకున్న పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన వేసిందట. కన్ను ఆననివాళ్లకి ముక్కు బాగా పనిచేస్తుంది కాబోలు. గ్రూపులో చెప్పబోయేరు. ఫోను, అడ్మిన్లు మాత్రమే రాయగలరని చెప్పింది. సరే, పనమ్మాయి చేత నాకు కబురు పెట్టేరు. ఆ అమ్మాయి వచ్చి, "మామ్మగారు బీరువాలో వాసనొస్తోందని చెప్పమన్నారండీ" అంది. నేను ఆ వేళ క్రికెట్ చూస్తున్నాను. సరే చూస్తానులే అన్నాను. మర్నాటికి మరిచిపోయాను. పదిరోజులకి మళ్లీ కబురు వచ్చింది. ఆవిడ ఇంట్లోనే ఏదో వాసనేమో అని కూడా అన్నాను.

తరువాత విచారిస్తే, ఆ గోడ తడి ఇంకా ఇద్దరు చూసేరని తేలింది. వొకడు పదో తరగతి కుర్రాడు, పరీక్ష పుస్తకం కోసం వెళ్లినవాడు. ఇంకొకరు ఆ పక్క ఇంటావిడ. "చెప్పలేదేం?" అంటే, "మాకు మాట్లాడే వీల్లేదుగా అండీ" అన్నారు. సెక్రటరీ ఇంటికెళ్లి తలుపు కొట్టి చెప్పవచ్చునుగా అంటారు మీరు. నేనూ అదే అన్నాను. కాని ఆలోచించండి. ఇది మీ పని కాదు, మీరు మాట్లాడకండి అని రాతపూర్వకంగా చెప్పిన తరువాత, తలుపు కొట్టి మరీ చెప్పేదెవరు?

ఆగస్టు మూడోవారంలో మాస్టారు ఆ బీరువా పట్టిక మొదలుపెట్టి తలుపు తీస్తే, కింది రెండు అరలూ నల్లబడి వున్నాయి. ముప్ఫయి వొక్కటిలో పదకొండు సంపుటాలు తడిసి ముద్దయ్యాయి. పాత పత్రికల కాగితం ఎంత నాసిదో మీకు తెలుసు, పీల్చుకోడంలో దూదిలాంటిది. కాగితం తడిసిన రెండు రోజుల్లోపల ఆరబెట్టకపోతే బూజు పుడుతుందంటారు. మావి నెలకి పైగా నానినాయి.

ఈ సంగతి మామ్మగారికి చెప్పాలి గదా! సెక్రటరీగారు వెళ్లనన్నారు. మాస్టారు నావంక చూసేరు. నేనే వెళ్లేను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండును. "చెప్పి పంపించాను గదు నాయనా, రెండుసార్లు" అని వూరుకున్నారు. కాసేపటికి, "ఎర్ర అట్టది కూడానా?" అన్నారు. అది కూడానే. మజ్జిగ తాగి వచ్చేసేను.

ఆ ఆదివారం మా మేనల్లుడు హైదరాబాదునుంచి వచ్చేడు. కంప్యూటరు వుద్యోగం. ఈ గొడవంతా విని నవ్వి, "మావయ్యా, మీరు కనిపెట్టిందేమీ లేదు. మా ప్రోగ్రాములు రాసేవాళ్లకి స్టాక్ ఓవర్‌ఫ్లో అని వొక చోటుంది, 2008లో పెట్టేరు. వొకరికి తెలియనిది ఇంకొకరు చెప్పుకుంటాం. అక్కడ కబుర్ల గదిలో మాట్లాడాలంటే ఇరవై మార్కులుండాలని చాలాకాలం నియమం వుండేది" అన్నాడు. చూశావా అన్నాను మా ఆవిడతో. "మరి ఆ మార్కులు ఎలా వస్తాయిరా?" అంది అది. మంచి జవాబు రాస్తే, నచ్చినవాళ్లు వొక్కొక్కరూ మెచ్చుకున్నప్పుడల్లా పది మార్కులట. ఇద్దరు మెచ్చుకుంటే గదిలో చోటు దొరికినట్టే. "జవాబుకేనా?" అంది మా ఆవిడ. "లేదత్తా, మంచి ప్రశ్న వేసినా మార్కులే. ప్రశ్నలు లేకపోతే జవాబులెక్కణ్ణించి వస్తాయి?" అన్నాడు వాడు. మా ఆవిడ నావైపు చూడలేదు. చూడకుండానే వంటింట్లోకి వెళ్లింది. చూసి వుంటే నయం.

ఆ రాత్రి నేను మా కొనుగోలు రిజిస్టరు తిరగేసేను. గడిచిన మూడేళ్లలో మేం కొన్న పుస్తకాలెన్ని, అవి ఎవరడిగితే కొన్నాం అని. "అడిగినవారు" అని వొక గడి వుంది అందులో, మాస్టారి చలవ. మూడోవంతుకి ఎదురుగా మామ్మగారి ఇంటి నెంబరు వుంది. నా పేరు నాలుగుచోట్ల వుంది, అందులో రెండు ఆదాయపు పన్ను పుస్తకాలు.

మన గ్రంథాలయాల చరిత్ర నేను చదవనిది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందనీ, అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికోసం జీవితమంతా తిరిగేరనీ నా వుపన్యాసాల్లో చెబుతూనే వుంటాను. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి దగ్గర కాలువ పడవల్లో వెళ్లేవాళ్లకి పుస్తకాలు అందించేరు. ఆ పడవెక్కిన రైతుని, ఈ మూడు నెలల్లో నువ్వేం చేసేవని ఎవరడిగేరు? పడవ దిగేలోపల చదివి ఇవ్వు అన్నారు, అంతే. ఈ కథ నేను కనీసం ఆరు సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. సెక్రటరీగారు నాలుగో సూత్రం చదివేరు గదా, రెండో సూత్రం ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలన్నది. అది ఆ వేళ ఇద్దరికీ జ్ఞాపకం రాలేదు.

అయినా సరే, తలుపులు బార్లా తీసేద్దామంటే నేనొప్పుకోను, ఇప్పటికీ. మాస్టారి ప్రశ్నని పువ్వుల కింద పూడ్చిపెట్టింది కూడా మేమే గదా! పని చేసేవాడికి నలుగురితో నెమ్మదిగా మాట్లాడుకునే చోటు వుండాలి. వాడి సహనం కూడా అచ్చులో లేని సంపుటం లాంటిదే. మళ్లీ సమావేశం పెట్టేం. నేను కొంచెం, మాస్టారు కొంచెం వాదించుకున్నాం. ఆయనే చెప్పేరు వుపాయం. పెద్ద గ్రూపుని గ్రంథాలయం తలుపుతోబాటే తియ్యాలి, తలుపుతోబాటే వెయ్యాలి. సాయంత్రం అయిదింటికి తాళం తీసినవాళ్లే ఫోనులో మీట కూడా తీస్తారు, ఎనిమిదింటికి బిగిస్తారు. ఆ మూడు గంటలూ ఎవరైనా ఏమైనా అడగవచ్చును. శుభోదయాలు సాయంత్రం అయిదింటికి ఎవరూ పెట్టలేరు గదా! (వొకాయన పెట్టేడు. వాళ్ల అబ్బాయి వున్న అమెరికాలో తెల్లవారిందట.) పని సంగతులకి వేరే చిన్న గ్రూపు. దాంట్లో మాత్రం మూడు నెలల లెక్క వుంటుంది. పనమ్మాయి చేత కబురొచ్చినా అదేరోజు పుస్తకంలో రాయాలని మాస్టారు వొక నోటుబుక్కు కూడా మేకుకి వేలాడదీసేరు. దాన్ని నావైపు చూస్తూ వేలాడదీసేరనుకుంటాను.

చిన్న గ్రూపుకి జాబితా తయారు చెయ్యమన్నారు. సెక్రటరీగారు రిజిస్టరు చూస్తూ పేర్లు చదివేరు. మా ఆవిడ: చీటీలు అంటించుట, రెండువందల పది. కుర్రాడు: దీపం మార్చుట. మామ్మగారు: ప్రశ్నలు, పదిహేడు. ఇది మాస్టారు పెట్టిన కొత్త గడి. నా పేరు దగ్గర ఆయన ఆగేరు. కళ్లజోడు సవరించుకున్నారు. "మీరు... అధ్యక్షత వహించుట, మూడు" అన్నారు. అధ్యక్షత పని కిందకి వస్తుందా అని మాస్టారు ఎంతో మర్యాదగా అడిగేరు. ఎవరూ మాట్లాడలేదు. రాదని నేనే అన్నాను. అనకపోతే బాగుండేది కాదు.

అంచేత ఇప్పుడు నేను పని చేస్తున్నాను. పదకొండు సంపుటాలు మా హాల్లో నేలమీద పరిచి వున్నాయి. రెండేసి పేజీల మధ్య తెల్లకాగితం పెట్టడం, నానిన కాగితం తీసి పొడిది మార్చడం, ఫ్యాను గాలికి ఆరనివ్వడం. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కిపోతుందట, మాస్టారు కూడదన్నారు. రోజుకి మూడుసార్లు మార్చాలి. బూజు దులిపేటప్పుడు ముక్కుకి గుడ్డ. మా ఆవిడ నన్ను చుట్టుకుని నడుస్తోంది. ఏడు దక్కుతాయి, రెండు అనుమానం, రెండు పోయినట్టే. ఎర్ర అట్టది ఆ అనుమానంలో వుంది.

పేజీలు విడదీస్తూ విడదీస్తూ చదవకుండా ఎలా వుంటాం? ఎర్ర అట్టలో పదమూడో భాగందాకా వచ్చేను. పెళ్లికూతురు రైలెక్కింది, ఆమె మేనమామ ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతున్నాడు. పధ్నాలుగు, పదిహేను, పదహారు భాగాలు అట్టముక్కలా అతుక్కుపోయాయి. పదిహేడులో ఆ పిల్ల ఎవరింట్లోనో దీపం పెడుతోంది. ఎవరిల్లో, మెళ్లో ఆ గొలుసు ఎక్కడిదో ఏమీ తెలియదు.

నిన్న సాయంత్రం మామ్మగారు రిక్షాలో మా ఇంటికి వచ్చేరు, చూద్దామని. సోఫాలో కూర్చోబెట్టి, సిగ్గు విడిచి అడిగేను. రైలు దిగేక ఏమయింది పిన్నిగారూ అని. ఆవిడ అతుక్కున్న పేజీల్ని వేళ్లతో తడిమి చూసేరు. "ఇవి వచ్చినప్పుడు మా పెద్దాడు కడుపులో వున్నాడు" అన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను కాగితం, కలం తెచ్చుకున్నాను.

"ముందు ఆ ఫ్యాను కొంచెం తగ్గించు నాయనా, నా మాట నాకే వినబడటం లేదు" అన్నారావిడ.